స్కాట్లాండ్ స్వాతంత్ర్యం వద్దన్న ఓటరును అర్థం చేసుకోవడం ఎలా?

2014 సెప్టెంబరు 18న స్కాట్లాండ్ ఓటర్ల ముందు ఉంచిన ప్రశ్న ఒక్క వాక్యమే: స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా? 20,01,926 మంది వద్దన్నారు, 16,17,989 మంది కావాలన్నారు. శాతాల్లో చెబితే 55.3కు 44.7. పోలింగు 84.6 శాతానికి చేరింది. ఎందుకు వద్దంటున్నారో రాయడానికి బ్యాలెట్ పత్రంలో చోటుండదు. కాబట్టి ఆ ఇరవై లక్షల మంది మనసులో ఏముందో తెలుసుకోవాలనుకునేవారు, అంటే రాజనీతిశాస్త్రం చదివే విద్యార్థులు గాని, విదేశీ వార్తలను తెలుగులో రాసే విలేకరులు గాని, ఎడిన్‌బరాలోనో గ్లాస్గోలోనో ఉంటూ మళ్లీ అలాంటి ఓటు వస్తే ఎటు వేయాలా అని ఆలోచించే మనవాళ్లు గాని, దొరికిన ఆధారాలను ఒక పద్ధతిలో చదవాలి. ఆ పద్ధతిని చెప్పడానికే ఈ వ్యాసం. స్వాతంత్ర్యం మంచిదా కాదా అన్న తీర్పు ఇందులో దొరకదు.

ముందు తెలంగాణను పక్కన పెట్టండి

తెలుగు పాఠకుడికి ఈ విషయం వినగానే తెలంగాణ గుర్తుకు రావడం సహజం. రెండూ 2014లోనే జరిగాయి. రెండు చోట్లా ఆత్మగౌరవం, మా వనరులు మాకే, మా నిర్ణయాలు మా రాజధానిలోనే అన్న మాటలు వినిపించాయి. అయితే ‘కావాలి’ అన్నవారి భావన అర్థం కావడానికి ఈ పోలిక కొంత పనికొస్తుంది గాని, ‘వద్దు’ అన్నవారి దగ్గరకు వచ్చేసరికి దారి తప్పిస్తుంది. తెలంగాణ ఏర్పాటు రాజ్యాంగంలోని 3వ అధికరణం కింద పార్లమెంటు చేసిన పని. దానిపై ప్రజల ఓటు జరగలేదు. జూన్ 2న ఎవరి జేబులోని రూపాయీ మారలేదు. రిజర్వు బ్యాంకు, పాస్‌పోర్టు, సైన్యం, రైల్వే అన్నీ యథాతథంగా ఉన్నాయి. తగాదా అంతా నదీజలాలు, ఉద్యోగుల పంపకం, హైదరాబాద్ ఆదాయం, ఉమ్మడి సంస్థల చుట్టూ తిరిగింది. మన దగ్గర ఎవరూ ప్రశ్నించనవసరం లేకపోయిన ఆ రూపాయి, పాస్‌పోర్టు, సైన్యమే స్కాట్లాండ్‌లో అసలు ప్రశ్నలయ్యాయి. సమైక్యాంధ్ర ఉద్యమాన్ని కొలిచిన కొలబద్దతో అక్కడి ‘వద్దు’ ఓటును కొలిస్తే సగానికి పైగా విషయం చేజారిపోతుంది.

సర్వేలో అంకె కంటే ముందు ప్రశ్న చూడండి

కారణాల గురించి తరచూ ఉదహరించేది, బ్రిటన్‌లో రాజకీయ సర్వేలు చేయించే కన్సర్వేటివ్ ప్రముఖుడు లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ పోలింగు రోజున, ఆ మర్నాడు చేయించిన సర్వే. అందులో 2,047 మంది పాల్గొన్నారు. ‘వద్దు’ అని ఓటేసినవారిని ప్రధాన కారణం అడిగితే 47 శాతం మంది కరెన్సీ, యూరోపియన్ యూనియన్ సభ్యత్వం, ఉద్యోగాలు, ధరల విషయంలో ముప్పు మరీ ఎక్కువగా కనిపించిందన్నారు. 27 శాతం మంది యునైటెడ్ కింగ్‌డమ్‌తో, దాని ఉమ్మడి చరిత్రతో, సంస్కృతితో తమకున్న గాఢమైన అనుబంధాన్ని చెప్పారు. 25 శాతం మంది మాత్రం, యూకేలో ఉండే భద్రతకు తోడు స్కాటిష్ పార్లమెంటుకు అదనపు అధికారాలు కూడా వస్తాయి కాబట్టి రెండు విధాలా లాభమేనన్నారు.

ఈ మూడు అంకెలను యథాతథంగా ఎత్తిరాసి ఊరుకోవడం చాలామంది చేసే పని. అంతకంటే మెరుగ్గా చదవాలంటే, ఆ మూడు జవాబులనూ సర్వే చేసినవారే ముందుగా తయారుచేసి ఇచ్చారని, వాటిలో ఒక్కదాన్నే ఎంచుకోమన్నారని గుర్తుంచుకోవాలి. పింఛను గురించి బెంగపడే మనిషికి బ్రిటన్ మీద మమకారం ఉండకూడదని ఎక్కడా లేదు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి, ఒకటి మరొకదానికి బలమిస్తుంది. అందుచేత 47 అనేది భయపడినవారి సంఖ్య అని గాని, 27 అనేది దేశభక్తుల సంఖ్య అని గాని రాయకూడదు. ఆ రోజు ఆ మూడింటిలో దేన్ని ముందు పెట్టారన్నదే ఆ అంకెలు చెబుతాయి.

అదే సర్వేలో 16, 17 ఏళ్ల వయసువారిలో 71 శాతం స్వాతంత్ర్యం వైపు ఉన్నారన్న అంకె అప్పట్లో ప్రపంచమంతా తిరిగింది. ఆ వయసువారు ఆ సర్వేలో పద్నాలుగు మందే! ఇంత చిన్న గుంపు మీద నిలబడిన శాతాన్ని వదిలేయడమే మేలు. 65 ఏళ్లు దాటినవారిలో 73 శాతం మంది వద్దన్నారన్న అంకెకు కొంత బలం ఉంది, ఎందుకంటే ఇతర అధ్యయనాలూ అదే దిశలో ఉన్నాయి. విశ్వవిద్యాలయాల పరిశోధకులు చేసిన స్కాటిష్ రెఫరెండం అధ్యయనాన్ని దీని పక్కన పెట్టి చూసుకోవాలి. స్కాట్లాండ్‌లో పుట్టినవారిలో స్వల్ప ఆధిక్యం ‘కావాలి’ వైపే ఉందని, ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పుట్టి అక్కడ స్థిరపడినవారిలో 70 శాతానికి పైగా వద్దన్నారని అందులో తేలింది.

కరెన్సీ దగ్గర ఎక్కువసేపు ఆగండి

‘వద్దు’ ఓటులో లెక్క పాలు ఎంతో తెలియాలంటే కరెన్సీ వాదనను పైపైన చూసి వదిలేయకూడదు. స్కాట్లాండ్ దుకాణంలో చిల్లరతో పాటు చేతికొచ్చే నోటు మీద బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ పేరో, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ పేరో, క్లైడ్స్‌డేల్ బ్యాంక్ పేరో ఉంటుంది. చూడటానికి అది స్కాట్లాండ్ సొంత డబ్బే. దాని విలువకు పూచీ మాత్రం ఆ బ్యాంకులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గర ఉంచిన నిధుల నుంచే వస్తుంది. స్వతంత్ర దేశమయ్యాక ఆ పూచీ ఎవరిస్తారు?

స్వాతంత్ర్యం ఎలా ఉంటుందో వివరిస్తూ 2013 నవంబరులో విడుదలైన శ్వేతపత్రంలో, అప్పటి స్కాట్లాండ్ ప్రథమ మంత్రి, ‘కావాలి’ పక్షం నాయకుడు అలెక్స్ సాల్మండ్ ప్రభుత్వం ఉమ్మడి పౌండునే వాడుకుంటామని, మిగతా యూకేతో ఒప్పందం కుదుర్చుకుంటామని చెప్పింది. 2014 జనవరిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నరు మార్క్ కార్నీ ఎడిన్‌బరాకు వచ్చి, ఉమ్మడి కరెన్సీ నిలబడాలంటే కొంత సార్వభౌమత్వాన్ని వదులుకోక తప్పదని వివరించారు. ఫిబ్రవరి 13న యూకే ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ అదే నగరంలో నిలబడి, స్కాట్లాండ్ విడిపోతే పౌండు కూడా వదులుకున్నట్టేనని తేల్చేశారు. లేబర్ పార్టీ, లిబరల్ డెమోక్రాట్లు కూడా ఆయనకు వంతపాడారు. ఇదంతా బెదిరింపేనని, పౌండు మీద తమకూ హక్కుందని, ఒప్పుకోకపోతే జాతీయ రుణంలో తమ వాటా మోయబోమని సాల్మండ్ బదులిచ్చారు. ఆగస్టు 5న టీవీ చర్చలో ‘వద్దు’ ప్రచార సంస్థ బెటర్ టుగెదర్ అధిపతి అలిస్టర్ డార్లింగ్, ఒప్పుకోకపోతే మీ రెండో ప్రణాళిక ఏమిటని పదే పదే అడిగారు. సూటి జవాబు రాలేదు.

ఇది ఒక ఇంట్లో ఎలా కనిపిస్తుందో చూడటానికి లెక్క వేసుకోండి. ఫైఫ్‌లో ఉండే ఒక కుటుంబం నెలకు 600 పౌండ్ల ఇంటి రుణం వాయిదా కడుతోందనుకుందాం. కొత్త స్కాటిష్ కరెన్సీ ఒకటికి ఒకటి చొప్పున మొదలై, జీతం అందులోకి మారి, రుణం మాత్రం పౌండ్లలోనే ఉండిపోయిందనుకుందాం. కొత్త కరెన్సీ విలువ పది శాతం పడిపోయిన రోజున అదే వాయిదా కట్టడానికి దాదాపు 667 కావాలి. రుణాన్ని కూడా కొత్త కరెన్సీలోకి మారిస్తే ఈ బాధ తప్పుతుంది, కాని అప్పుడు బ్యాంకులో దాచుకున్న సొమ్మూ అలాగే మారిపోతే పొదుపు చేసినవాడు నష్టపోతాడు. ముప్పై ఏళ్ల కుర్రాడికి అప్పు ఎక్కువ, పొదుపు తక్కువ, సర్దుకోవడానికి కాలం చాలా ఉంటుంది. అరవై అయిదేళ్ల మనిషికి మిగిలింది పొదుపూ పింఛనూ మాత్రమే. వయసు పెరిగేకొద్దీ ‘వద్దు’ ఓటు పెరగడానికి పెద్దవాళ్ల పాతకాలపు మమకారం ఒక్కటే కారణమని అనుకునేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడాలి.

ఆస్‌బోర్న్ మాట నిజమేనని నమ్మినవాళ్లే వద్దన్నారని అనుకోవడం కూడా తొందరపాటే. విడిపోయాక లండన్ మెత్తబడి ఒప్పందానికి వచ్చి ఉండేదేమో, ఆ వాదనలో బలం లేకపోలేదు. కాని ఓటరు చిక్కు అది కాదు. ఓటు ముందు వేయాలి, బేరం తర్వాత తేలుతుంది, తేలింది నచ్చకపోతే వెనక్కి వచ్చే దారి లేదు. నా దృష్టిలో ‘వద్దు’ ఓటులో ముప్పును లెక్కగట్టిన భాగమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. స్కాట్లాండ్ బీదదని, సొంతంగా బతకలేదని వాళ్లలో చాలామంది అనలేదు. షరతులు తెలియకుండా సంతకం చేయబోమన్నారు. ఆ రెండు మాటలకూ తేడా చూపలేని వ్యాసం ఎంత పొడుగున్నా ప్రయోజనం లేదు.

దీనికి 2008 జ్ఞాపకం తోడైంది. ఎడిన్‌బరా కేంద్రంగా ఉన్న రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ కుప్పకూలబోయినప్పుడు దాన్ని నిలబెట్టడానికి యూకే ఖజానా 45 బిలియన్ పౌండ్లకు పైగా పెట్టింది. చిన్న దేశపు ఖజానా అంత భారం మోయగలిగేదా అన్న ప్రశ్న ఆరేళ్ల తర్వాత కూడా జనం మనసులో ఉంది. పోలింగుకు వారం ముందు ఆ బ్యాంకు, లాయిడ్స్ కూడా, విడిపోతే తమ రిజిస్టర్డు కార్యాలయాలను ఇంగ్లండ్‌కు మారుస్తామని ప్రకటించాయి.

మ్యాపు మీద తొందరపడి కారణాలు రాయకండి

ముప్పై రెండు స్థానిక పాలనా ప్రాంతాల్లో ‘కావాలి’ గెలిచినవి నాలుగే: డండీ, వెస్ట్ డన్‌బార్టన్‌షైర్, గ్లాస్గో, నార్త్ లనార్క్‌షైర్. ఇవి పాత పరిశ్రమలు మూతపడి దెబ్బతిన్న శ్రామిక ప్రాంతాలు. పోగొట్టుకోవడానికి తక్కువ ఉన్నచోట ముప్పు మాట తక్కువగా పనిచేసిందన్న వివరణ ఇక్కడ బాగానే అతుకుతుంది. ఇంగ్లండ్‌ను ఆనుకుని ఉన్న స్కాటిష్ బోర్డర్స్‌లో దాదాపు 67 శాతం వద్దన్నారు. రోజూ సరిహద్దు దాటి పనికి, ఆస్పత్రికి వెళ్లేవారున్న చోట దీనికి పెద్ద వివరణ అక్కరలేదు.

చమురు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. ‘మా చమురు మాకే’ అన్న నినాదానికి గుండెకాయ లాంటి అబెర్డీన్ నగరంలో 58 శాతానికి పైగా, చుట్టూ ఉన్న అబెర్డీన్‌షైర్‌లో 60 శాతం వద్దన్నారు. ఉత్తర సముద్రపు బావుల మీద బతికే ఊళ్లకు ఆ ధర ఎంత చంచలమో అందరికంటే బాగా తెలుసన్న ఊహ అర్థవంతమైనదే, కాని అది ఊహే. ఆ ప్రాంతంలో సంపన్నులు, కన్సర్వేటివ్ పార్టీకి ఓటేసేవారు మొదటి నుంచీ ఎక్కువన్నది కూడా అంతే బలమైన వివరణ. గ్లాస్గోలో క్లైడ్ నది ఒడ్డున ఉన్న గోవన్, స్కాట్స్‌టౌన్ ఓడల కర్మాగారాల్లో పనిచేసేవారిని యుద్ధనౌకల ఆర్డర్లు పోతాయని హెచ్చరించారు. అయినా గ్లాస్గో నగరం ‘కావాలి’ అంది. ప్రాంతం మొత్తం అంకెను పట్టుకుని అందులోని ఒక్కో మనిషి కారణాన్ని ఊహించడంలో ఉన్న ప్రమాదం ఇదే.

ఓర్క్‌నీ దీవుల్లో ‘వద్దు’ 67.2 శాతానికి చేరింది, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. వాళ్లకు లండనే కాదు, స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరా కూడా దూరమే.

అనుబంధాన్ని స్కాట్లాండ్ పట్ల ప్రేమ లేకపోవడంగా రాయకండి

‘వద్దు’ అన్నవారు తమను తాము స్కాట్లాండ్‌వాసులుగా భావించుకోరని అనుకోవడం పెద్ద పొరపాటు. స్కాట్లాండ్‌లో సర్వేలు చాలాకాలంగా ఈ ప్రశ్నను అయిదు మెట్లలో అడుగుతున్నాయి: స్కాటిష్ మాత్రమే, బ్రిటిష్ కంటే స్కాటిష్ ఎక్కువ, రెండూ సమానం, స్కాటిష్ కంటే బ్రిటిష్ ఎక్కువ, బ్రిటిష్ మాత్రమే. మధ్య మెట్ల మీద నిలబడేవారు చాలామంది. వాళ్లకు విడిపోవడమంటే రెండు గుర్తింపుల్లో ఒకదాన్ని కోసి పారేయడం. అన్న లీడ్స్‌లో, చెల్లెలు లండన్‌లో, తాను పర్త్‌లో ఉన్న మనిషికి ఇది సిద్ధాంతం కాదు, ఇంటి విషయం.

ఈ అనుబంధంలో వామపక్ష ధోరణి కూడా ఉందని బయటివారికి తరచూ తట్టదు. గ్లాస్గో కార్మికుడికి ఎడిన్‌బరా బ్యాంకరు కంటే లివర్‌పూల్, న్యూకాజిల్ కార్మికుడే దగ్గరివాడని, జాతీయ ఆరోగ్య సేవను, పింఛను వ్యవస్థను అంతా కలిసి కట్టుకున్నామని, వాటిని సరిహద్దు గీసి చీల్చకూడదని పాత లేబర్ కుటుంబాలు నమ్మాయి. పోలింగు ముందురోజు గ్లాస్గోలోని మేరీహిల్‌లో మాజీ ప్రధాని గోర్డన్ బ్రౌన్ చేసిన ప్రసంగం ఈ భావనకే గొంతునిచ్చింది. కాబట్టి ‘వద్దు’ ఓటును కన్సర్వేటివ్ ఓటుగా లెక్కగట్టేవారు ఆ ప్రసంగాన్ని వినిపించుకోనట్టే.

మూడో రకం వారిని మధ్యలో వదిలేయకండి

ఎక్కువ అధికారాలు కావాలి, విడిపోవడం వద్దు అనుకునేవారికి బ్యాలెట్‌లో చోటు దొరకలేదు. 2012 అక్టోబరులో అప్పటి యూకే ప్రధాని డేవిడ్ కామెరాన్, సాల్మండ్ కుదుర్చుకున్న ఎడిన్‌బరా ఒప్పందం ప్రకారం ప్రశ్న ఒక్కటే ఉండాలి. దాంతో మధ్యేమార్గం కోరేవారు రెండు గుమ్మాల్లో ఏదో ఒకదాంట్లోంచి వెళ్లక తప్పలేదు. పోలింగుకు రెండు రోజుల ముందు యూకేలోని మూడు ప్రధాన పార్టీల నాయకులు ఒక పత్రిక మొదటి పేజీలో అదనపు అధికారాలిస్తామని ప్రతిజ్ఞ చేశారు. ఏయే అధికారాలివ్వాలో తేల్చడానికి వేసిన స్మిత్ కమిషన్ నివేదిక మీదుగా అది 2016 స్కాట్లాండ్ చట్టమైంది. ఆదాయపు పన్ను రేట్లు, శ్లాబుల మీద అధికారం దాని ద్వారానే వచ్చింది. ఆ ప్రతిజ్ఞ ఎంతమందిని మార్చిందో నిగ్గుతేల్చడం కష్టం, ఎందుకంటే చాలామంది అప్పటికే మనసు నిశ్చయించుకున్నారు. ‘ప్రతిజ్ఞే గెలిపించింది’ అని రాసేవారి మాటను అనుమానంతోనే చదవాలి.

ప్రతి కారణం పక్కనా తేదీ వేయండి

2014లో చెప్పిన కారణం ఈనాడు అదే అర్థంలో ఉండకపోవచ్చు. అప్పుడు విడిపోతే యూరోపియన్ యూనియన్‌లో చోటు పోతుందని ‘వద్దు’ పక్షం హెచ్చరించింది. సభ్యత్వం దొరకడం దాదాపు అసాధ్యమని యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు బరోసో కూడా అన్నారు. 2016లో స్కాట్లాండ్ ఓటర్లలో 62 శాతం యూరప్‌లోనే ఉందామన్నా యూకే మొత్తంగా బయటికొచ్చేసింది. ఆ కారణంతో వద్దన్నవారిలో కొందరు ‘కావాలి’ వైపు మారారు. స్వాతంత్ర్యం కోరినా యూరప్ అక్కర్లేదనుకున్నవారిలో కొందరు ‘వద్దు’ వైపు మారారు. ఇప్పుడు అదే యూరప్ ‘వద్దు’ పక్షానికి మరో వాదననిచ్చింది: స్వతంత్ర స్కాట్లాండ్ యూరప్‌లో చేరితే ఇంగ్లండ్ సరిహద్దే కస్టమ్స్ సరిహద్దవుతుంది, స్కాట్లాండ్ బయటికి అమ్మే సరుకులు, సేవల్లో దాదాపు 60 శాతం మిగతా యూకేకే వెళతాయి. చమురు సంగతీ అంతే. 2014 వేసవిలో బ్యారెల్ వంద డాలర్ల పైన ఉన్న ధర మరుసటి జనవరికి యాభైకి దిగింది. ముప్పు అన్నవారికి అది ఓటు వేశాక దొరికిన సాక్ష్యం గనక, ఓటు వేసినప్పటి కారణాల జాబితాలో దాన్ని చేర్చడం తప్పు.

మనవాళ్లు స్వయంగా అడిగేటప్పుడు

ఆ రెఫరెండంలో స్కాట్లాండ్‌లో నివసించే కామన్వెల్త్ పౌరులకూ ఓటుంది కాబట్టి, భారత పాస్‌పోర్టు ఉన్న తెలుగువారు కూడా పేరు నమోదు చేసుకుని ఓటు వేయడానికి అర్హులే. చదువు పూర్తయ్యాక అక్కడే పనిచేసుకునే వీసాను లండన్ 2012లో ఎత్తేసింది. దాన్ని తిరిగి తెస్తామని శ్వేతపత్రం మాటిచ్చింది. అంటే మన విద్యార్థికి ‘కావాలి’ అనడానికి అప్పట్లో ఒక సొంత కారణం ఉండేది. అయినా యూకే వెలుపల పుట్టిన ఓటర్లలో మొత్తం మీద సగానికి పైగా వద్దన్నట్టు పైన చెప్పిన స్కాటిష్ రెఫరెండం అధ్యయనంలో తేలింది. ఒక పాస్‌పోర్టు కోసం ఏళ్ల తరబడి కాగితాలు కూడగట్టుకునే మనిషి, ఆ పాస్‌పోర్టు ఇచ్చే దేశమే మారిపోతుందంటే ఏమనుకుంటాడో అడిగి తెలుసుకోవడం మంచిది.

అడిగేటప్పుడు ‘భయపడి వద్దన్నారా’ అని మొదలుపెట్టకండి. ‘వద్దు’ ప్రచారానికి ‘భయం ప్రాజెక్టు’ అన్న ముద్ర అప్పుడే పడింది గనక ఆ మాట వినగానే ఎదుటివారు బిగుసుకుపోతారు. ఏం తెలిస్తే మీ ఓటు మారి ఉండేదని అడగండి. కరెన్సీ ఒప్పందం ముందే కుదిరి ఉంటే, అన్నవారు లెక్కతో ఓటేసినవారు. ఏం తెలిసినా మారేది కాదన్నవారు అనుబంధంతో ఓటేసినవారు. ఇప్పుడు కాదు, ఇంకొన్నేళ్లకు చూద్దాం అన్నవారు మూడో రకం. లండన్ అనుమతి లేకుండా స్కాటిష్ పార్లమెంటు రెఫరెండం చట్టం చేయలేదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఈ మూడో రకం వారి మాటల్లో తేడా వస్తోందా అన్నది గమనించదగ్గ విషయం. వారు చెప్పింది రాశాక ఆ పేరాను వారికే చదివి వినిపించి, అవును, నేనన్నది ఇదే అనేదాకా దిద్దండి. ఆ పక్కనే ‘కావాలి’ అన్నవారి జవాబును కూడా అంతే శ్రద్ధగా రాసుకోండి, ఎందుకంటే ప్రతి కారణం ఎదుటి వాదనకు బదులుగా పుట్టిందే.